సాంబారు గిన్నె కింద రాయి

జన్‌స్కార్ గురించి నోరు తెరిస్తే డాక్టర్ మూర్తి ఇక ఆగడు. పోయిన వేసవిలో నాలుగు రోజులు తిరిగొచ్చాడు, అంతే. లండన్ శివారు హారోలో వాళ్లింటికి ఎవరు భోజనానికొచ్చినా ఆ హిమాలయ లోయ కొండలూ జనమూ పంటలూ వడ్డించాకే అన్నం. ఈ ఆదివారం వచ్చింది ఆ లోయలోనే పుట్టిన పిల్ల, డిస్కిత్. మూర్తి భార్య పద్మిని పనిచేసే వార్డులోనే ఆ పిల్ల జూనియర్ డాక్టరు. అయినా ఆయన తగ్గలేదు.

"వాన పడదు, చెట్టు మొలవదు. మంచు కరిగితేనే బార్లీకి నీళ్లు. ఇక వనరులంటారా, రాళ్లే!" అని ఇంగ్లీషులో చెప్పి తనే నవ్వాడు.

డిస్కిత్ నవ్వలేదు. సాంబారు గిన్నె కింద అక్షరాలు చెక్కిన పలకరాయిని చూస్తోంది. కుర్చీకి దగ్గరి దారి వదిలేసి, ఆ రాయి తన కుడివైపు ఉండేలా టేబులంతా చుట్టి వచ్చి కూర్చుంది.

"ఏమైంది?" అని పద్మిని అడిగింది.

"చనిపోయినవాళ్ల కోసం ఇలాంటి రాళ్ల మీద మంత్రం చెక్కించి ఊరి గోడ మీద పెడతాం. ఆ గోడ ఎప్పుడూ మా కుడివైపు ఉండాలి. అలవాటు, మేడమ్."

పద్మిని మొగుడి వైపు తిరిగింది. "బజార్లో కొన్నానన్నారు?"

"బజార్లో ఇలాంటి అసలు సరుకు దొరుకుతుందా? గోడ మీంచి లాగేశా. అక్కడ వేలున్నాయిలే, ఒకటి పోతే ఎవడికి తెలుస్తుంది?" అని తెలుగులో చెప్పి కన్ను కొట్టాడు.

పద్మిని ఆ రాయి వైపు చూసింది. ఎవరి తల్లి కోసమో పెట్టిన రాయి. ఇన్నాళ్లూ దాని మీద పప్పు దించింది, ఒలికితే పీచుతో తోమింది. అన్నీ తెలిసి ఈయన పక్కనే కూర్చుని లొట్టలేసుకుంటూ తిన్నాడు. తన తండ్రి తద్దినం నాడు వంటింట్లో ఎవరి చెయ్యి తగిలినా మైలపడిందని మండిపడే మనిషి! ఆ మొహం చూస్తుంటే ఆమెకు అసహ్యం వేసింది.

ఆయన అన్న మాటలు ఒక్కటీ వదలకుండా డిస్కిత్‌కి ఇంగ్లీషులో చెప్పింది.

పద్మిని గిన్నె ఎత్తి పక్కన పెట్టి, రాయిని కడిగి తుడిచింది. మేడ మీదికెళ్లి పట్టుపంచె తెచ్చి అందులో చుట్టింది.

"అది నాన్న తద్దినానికి కట్టుకునేది!" అన్నాడు మూర్తి.

"ఇదీ తద్దినానిదేగా," అని పద్మిని రెండు చేతులతో ఆ మూటను డిస్కిత్‌కి అందించింది.