అమ్మ నా కలలోకి రాలేదు

పోయాక మా అమ్మ ఊళ్ళో అందరి కలల్లోకీ వచ్చింది, నా కలలోకి తప్ప.

మొదట వెళ్ళింది పక్కింటి తుదోర పిన్ని కలలోకి. సమాధి మీద మట్టి ఇంకా ఆరనేలేదు, పిన్ని పొద్దున్నే గేటు తోసుకుని వచ్చి, మీ అమ్మ వట్టి కాళ్ళతో బురదలో నిలబడి ఉందనీ, పాదాలు నీలంగా కమిలిపోయాయనీ చెప్పింది. రొమేనియాలో మా ఓల్తేనియా పల్లెల్లో చనిపోయినవాళ్ళు కలలో ఏదడిగితే అది ఎవరికో ఒకరికి దానం చెయ్యాలి. ఇక్కడ ఇస్తే అక్కడ వాళ్ళకు అందుతుంది. ఎవరికిచ్చినా ఫరవాలేదంటారు గానీ, కల మోసుకొచ్చిన మనిషే ఎదురుగా నిలబడి ఉంటే ఇంకెవరికిస్తాం? అమ్మ కొనుక్కుని ఒక్కసారీ తొడుక్కోని బూట్లు పిన్నికిచ్చాను. కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి. "దేవుడు ఆమెను మన్నించుగాక" అని పుచ్చుకుంది. దానం పుచ్చుకున్నవాళ్ళు ఆ మాట అనాలి. వద్దు అనకూడదు.

తర్వాత మా మేనమామ కోడలు సాండ కలలో అమ్మ చలికి వణికిపోయింది. ఉన్ని దుప్పటి ఆ ఇంటికి వెళ్ళిపోయింది. చర్చిలో గంట కొట్టే నీకను కలలో ప్లమ్ పళ్ళ సారా అడిగిందట. అమ్మకు జన్మలో సారా వాసన గిట్టేది కాదు. పైలోకంలో అలవాటు చేసుకుందేమో అన్నాను. నీక నవ్వకుండా, అక్కడ చలి ఎక్కువ కదా అన్నాడు. ఒక సీసా ఇచ్చాను. ఇవ్వకపోతే, అది ఒకవేళ నిజమైతే? ఆ 'ఒకవేళ'ను దాటి అడుగు వెయ్యగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు.

వస్తువులు పోయాయని కాదు నా బాధ. పక్షవాతం వచ్చి మంచాన పడిన మనిషిని ఏళ్ళ తరబడి కడిగి, తినిపించి, అటూ ఇటూ ఒత్తిగిలించి నడుం విరగ్గొట్టుకున్నది నేను. ఆవిడ చూడ్డానికి పోయింది తుదోర పిన్ని దగ్గరికా? కడుపు మండదూ?

పైగా పిన్ని ఒకరోజు కంచె మీంచి వంగి, గొంతు తగ్గించి అంది: "కన్నకూతురివి, నీకింకా కనబడలేదంటే ఏదో మనసులో పెట్టుకునే పోయినట్టుందే తల్లీ."

పిన్ని ఆ మాట అనేసి తన కోళ్ళ దగ్గరికి పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. అప్పటినుంచీ నాకు తెలియాల్సింది ఒక్కటే. అమ్మ నా మీద కోపంతో పోయిందా? ఒక్కసారి కనబడి, తిట్టినా సరే, ఆ సంగతి చెప్పి వెళ్తే చాలనుకున్నాను.

కల రావాలంటే ముందు నిద్ర రావాలి కదా. ఆఖరి రోజుల్లో అమ్మ అందరి పేర్లూ మర్చిపోయింది, నాన్న పేరుతో సహా. మిగిలింది నా పేరొక్కటే. "డొమ్నికా" అని పిలిచేది. వెళ్తే ఎందుకు పిలిచిందో గుర్తుండేది కాదు. వెనక్కొచ్చి నడుం వాల్చగానే మళ్ళీ "డొమ్నికా". మనిషి పోయింది గానీ ఆ పిలుపు పోలేదు. కునుకు పడితే చాలు, చెవిలో వినబడుతుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళాక, ఆ గదిలో ఎవరూ లేరన్నది గుర్తొస్తుంది. అది కల కాదు. అమ్మ మొహం ఉండదు, మాటా ఉండదు, నా పేరు తప్ప.

అమ్మ పేరు స్టాంక. నాన్న ట్రాక్టరు కింద పడి పోయేనాటికి నేను చేతిపిల్లను. పగలు ఉమ్మడి పొలంలో పని, చలికాలమంతా మగ్గం మీద తివాచీలు, వేసవిలో తెల్లారుజాము బస్సెక్కి పట్నంలో మిరపకాయలు అమ్మడం. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి లేదని ఏడుపు మానేశానని నవ్వుతూ చెప్పేది. నేను పట్నం మిల్లులో షిఫ్టులకు పోతుంటే నా కూతురు మిరేలాను పెంచింది ఆవిడే. దాని పాదాలు తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని వెచ్చబెడితే గానీ ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు. అది నన్ను పేరు పెట్టి పిలిచేది, అమ్మమ్మను అమ్మా అనేది. నాకు అసూయగానే ఉండేది. చెప్పుకుంటే నవ్వుతారని ఊరుకున్నాను.

కలల విషయంలో అమ్మ కూడా తక్కువదేం కాదు. పాత్రు అని ఒక పిసినారి ఉండేవాడు మా వీధి చివర. రెండు ఆవులున్నా పిల్లికి కూడా పాలు పొయ్యడు. అతని పెళ్ళాం పోయిన ఏడాది, మా ఎదురింటి విధవరాలి పిల్లలు రొట్టె నీళ్ళలో ముంచుకుని తింటుంటే అమ్మ చూసింది. మర్నాడే పాత్రు ఇంటికెళ్ళి, మీ ఆవిడ నాకు కనిపించింది, దాహంగా ఉంది, రోజూ చెంబెడు పాలు ఆ పిల్లలకు పొయ్యమంది అని చెప్పొచ్చింది. అతగాడు ఏడుస్తూనే చలికాలమంతా పోశాడు. నిజంగా కనిపించిందా అని నేనడిగితే అమ్మ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బతికుంటే అడిగేదే కదే" అంది. ఆ మాట అన్నప్పుడు మిరేలా ఆవిడ ఒళ్ళోనే ఉంది.

వసంతం వచ్చేసరికి అమ్మ పోయి ఆరు నెలలు. నెలలు నిండిన రోజు చర్చిలో ప్రార్థన, తర్వాత ఇంట్లో ఊరి జనానికి భోజనం. మిరేలా ముందురోజే పట్నం నుంచి దిగింది. నేను రెండు రోజులుగా పొయ్యి ముందే ఉన్నాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టడం, గోధుమలు ఉడకబెట్టి చక్కెరా అక్రోటు పప్పూ కలపడం, రొట్టెలు. ప్రార్థన మధ్యలో నిలబడే తూలాను. మిరేలా నా మోచెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక, జనం ఇంకా సమాధుల దగ్గరే ఉండగా, నన్ను అమ్మ గదిలోకి పిలిచింది. మంచం మీద కొత్త తెల్లదుప్పటి, ఉతికిన గలీబు. పక్కన బల్ల మీద, దానమిచ్చేటప్పుడు పెట్టినట్టు, రొట్టె, అందులో గుచ్చిన కొవ్వొత్తి.

"అమ్మమ్మ నాకు కనిపించింది" అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. "నువ్వు కూడానా? ఏం కావాలట? బూట్లు పోయాయి, దుప్పటి పోయింది. ఇక ఆ బీరువా ఒక్కటే మిగిలింది, అదీ పట్టుకుపో."

"వస్తువులేం అడగలేదే. నిద్ర అడిగింది. అక్కడ కన్ను మూత పడట్లేదట. తన పేరు చెప్పి ఎవరికైనా ఒక నిద్ర దానం చెయ్యమంది."

"నా దగ్గరికి రావడానికి ఏమొచ్చింది ఆవిడకి?"

"చాలాసార్లు వచ్చిందట. 'అది పడుకుంటే కదే నేను కనబడేది, ఎప్పుడు చూసినా లేచే కూర్చుంటుంది' అంది."

అబద్ధమని నాకు తెలుసు. దాని మొహం చూస్తేనే తెలిసిపోతోంది. మా అమ్మ పెంపకం మరి, కన్ను కూడా ఆర్పలేదు. వచ్చేవాళ్ళకు వడ్డించాలి, కూతుర్ని నేను లేకపోతే ఊరేమంటుంది అన్నాను. మిరేలా అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించింది.

"దానం. వద్దనకూడదు" అంది.

నిజమే, అనకూడదు. "దేవుడు ఆమెను మన్నించుగాక" అన్నాను. నల్లబట్టలతోనే అమ్మ మంచం మీద ఒరిగాను. మిరేలా నా బూట్లు విప్పింది. అంతవరకే గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పసుపుపచ్చగా వాలిపోయి ఉంది. పెరట్లో ద్రాక్షపందిరి కింద బల్లల దగ్గర ఊరంతా కూర్చునే ఉంది, కానీ చప్పుడు లేదు. సాండ చెంచాలు ఒక్కొక్కటే తొట్టిలోకి జారుస్తోంది, ఒకదానికొకటి తగలకుండా. నీక ఏదో చెప్పబోతే తుదోర పిన్ని గుడ్లురిమింది. మిరేలా అందరికీ సంగతి చెప్పినట్టుంది. చనిపోయిన మనిషికి పంపుతున్న నిద్రను మధ్యలో ఎవరు పాడుచేస్తారు? నా ఇంటి భోజనం నేను లేకుండానే, గుసగుసలతో అయిపోయింది.

మిరేలా తలుపు ఓరగా తీసి చూసింది. నేను లేచి ఉండడం చూసి వచ్చి మంచం చివర కూర్చుంది.

"వచ్చిందా?"

"రాలేదే" అన్నాను.

దాని మొహం వాడిపోయింది. నేను మళ్ళీ గుర్తు చేసుకున్నాను. కల లేదు. మొహం లేదు. ఆ పిలుపు కూడా లేదు. ఏళ్ళ తర్వాత మొదటిసారి నన్నెవరూ లేపలేదు.

"పిలవలేదు కూడా" అన్నాను. "మీ అమ్మమ్మ నన్ను పిలవలేదే. పడుకోనిచ్చింది."

కోపం ఉన్న మనిషి అలా పడుకోనివ్వదు. ఆ మాట పైకి అనబోయాను గానీ ఏడుపు ముంచుకొచ్చింది. శవం మీద మట్టి వేస్తున్నప్పుడు కూడా రాని ఏడుపు. అమ్మ ఇక లేదు, నన్ను పిలవదు, లేచి వెళ్ళాల్సిన గది ఈ ఇంట్లో లేదు. మిరేలా నా పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది. బయట జనానికి వినబడి ఉంటుంది, ఎవరూ లోపలికి రాలేదు.

కాస్త తెరిపిన పడ్డాక అది కాఫీ పెట్టనా అని అడిగింది. అందరూ వెళ్ళేముందు ఒకసారి కనబడతావా అంది.

"వద్దులే. ఇంకాసేపు పడుకుంటాను" అన్నాను.