రెండు మిస్డ్‌కాల్స్‌కు జవాబు

పొద్దున పదకొండు గంటలకు రమణయ్య ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యాడు. లోపల బల్ల ముందు కూర్చుని గాజుగొట్టాలు తుడుచుకుంటున్న రేవతిని చూసి, చెప్పులు కూడా విడవకుండా అక్కడే ఆగిపోయాడు.

"నువ్వు ఈడనే ఉండావా?"

"ఇంకెక్కడుంటానన్నా? ఏమైంది?"

"దోవంతా నిన్ను ఎతుకుతా వచ్చినా. బండి జారి కాలవలో గాని పడినావేమో చూసి రమ్మని మస్తానక్క పంపించింది. రెండు తూర్లు మిస్డ్‌కాల్ ఇచ్చిందంట. టింగుమని నువ్వు జవాబిచ్చినావంట. అప్పట్నుంచి గుంట గట్టు మీద కూసోనుండాది."

రేవతి చేతిలోని గొట్టం బల్ల మీద పెట్టేసింది. ఆమె ఏ జవాబూ ఇవ్వలేదు. ఆమె ల్యాబు ఫోను పది రోజులుగా సొరుగులో సిమ్ము లేకుండా పడి ఉంది.

బోగోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఆ చిన్న ల్యాబులో రేవతి తొమ్మిదేళ్ళుగా నీళ్ళ పరీక్షలు చేస్తోంది. చుట్టుపక్కల రొయ్యల గుంటల వాళ్ళందరికీ ఆమె నంబరు నోటికి వచ్చు. ఒక్క మిస్డ్‌కాల్ ఇస్తే, తీరిక చూసుకుని వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళమని. వెంటవెంటనే రెండు ఇస్తే, గాలి అందక రొయ్య పైకి తేలుతోంది, ఉన్నపళాన రమ్మని. రెండో రకానికి ఆమె ఒక్క చుక్క పెట్టి మెసేజ్ పంపేది. అవతల ఫోను టింగుమనేది. చూశాను, బయల్దేరాను అని దానికి అర్థం. దారిలోనే రమణయ్యకు ఫోన్ చేసి కరెంటు లేకపోయినా నీళ్ళు చిలికే అతని డీజిల్ ఇంజను కూడా అటు పంపించేది. ఆ టింగు విన్నాక గుంట మనిషి ఇంకెక్కడికీ పరిగెత్తనక్కర్లేదు. ఫోన్ మాట్లాడటం ఉచితమయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. చేతులు బురదలో ఉన్నవాళ్ళకు, అక్షరం రానివాళ్ళకు అంతకంటే సుఖమైన పద్ధతి ఇంకోటి లేదు మరి.

రెండు వారాల కింద ల్యాబు యజమాని నరేంద్రబాబు నెల్లూరు నుంచి విజయభాస్కర్ అనే కుర్ర ఇంజనీరును పిలిపించాడు. అతను ల్యాబు నంబరును కంపెనీల వాళ్ళు వాడే మెసేజ్ సర్వీసులోకి మార్చి, దానికి ఒక ఏఐ ఏజెంటును తగిలించాడు. ఇక ఎవరు ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా మనిషి అక్కర్లేదట. అదే చూసి, అదే ఆలోచించి, అదే జవాబిస్తుందట. "రైతులు ఏమేం అడుగుతారో, మీరేం చెబుతారో రాసివ్వండి మేడమ్, నేర్పించేస్తాను" అన్నాడు. రేవతి మూడు రోజులు కూర్చుని నూట పన్నెండు ప్రశ్నలకు జవాబులు రాసిచ్చింది. ఉప్పు శాతం, సున్నం మోతాదు, మేత ఎప్పుడు తగ్గించాలి, అన్నీ రాసింది. చుక్క సంగతి మాత్రం రాయలేదు. అది ప్రశ్న కాదు కదా, ఎలా తడుతుంది? ఊపిరి పీల్చుకుంటున్నామని ఎవరైనా కాగితం మీద రాస్తారా?

రమణయ్య మాట విన్న వెంటనే రేవతి నీళ్ళలో చల్లే ఆక్సిజన్ పొడి సంచి స్కూటీ మీద పెట్టుకుని బయల్దేరింది. రమణయ్య పక్కనే మోటారు సైకిల్ మీద వస్తూ వానలో అరిచి చెప్పాడు. తెల్లారి నుంచి కరెంటు లేదు. మస్తానమ్మ జనరేటరు రిపేరుకని కావలిలో ఉంది. మబ్బు పట్టి గాలి స్తంభించింది, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయి, తొమ్మిదింటికి రొయ్య తేలింది.

"మరి నీ ఇంజను ఎందుకు తోలుకపోలేదన్నా?" రేవతి గొంతు చించుకుంది.

"నువ్వు ఫోన్ జేస్తే గదా నాకు తెలిసేది! నేను అటు పోయినప్పటికే పది దాటింది. ఇంజను దెస్తానంటే ఆ యమ్మ ఇన్లా. రొయ్య పోతే పోనీరా, ముందు ఆ పిల్ల యాడ పడుందో చూడు అనింది."

రేవతి స్కూటీ వేగం పెంచింది. రమణయ్య ఇంజను కోసం ఊరివైపు తిరిగాడు.

గుంట దగ్గరికి వెళ్ళేసరికి కొంగలు దిగి ఉన్నాయి. కొంగలు అంత తీరిగ్గా నడుస్తున్నాయంటే ఇక చెయ్యడానికేమీ లేదని రేవతికి తెలుసు. అయినా సంచి చింపి పొడి చల్లింది. చల్లుతూ ఎవరిని తిడుతోందో తెలియకుండా తిట్టింది. అంచున నీళ్ళలో రొయ్యలు గుట్టలుగా పడి ఉన్నాయి, కొన్ని ఇంకా కాళ్ళాడిస్తున్నాయి. ఇంకో పద్దెనిమిది రోజుల్లో రొయ్య పట్టి అమ్మే పట్టుబడి. మూడు నెలలు మస్తానమ్మ ఒంటరిగా ఆ గట్టు మీదే గుడిసెలో పడుకుని పెంచింది. ఈ పంటతో కౌలు తీరి గుంట ఇంకో ఏడాది ఆమె చేతిలో ఉండాలి. ఇప్పుడు ఉండదు.

మస్తానమ్మ ఏడవలేదు. దగ్గరికి వచ్చి, తడిచేత్తో రేవతి మోచేతులు, మోకాళ్ళు తడిమి చూసింది.

"దెబ్బలేం తగల్లేదు గదా?"

"అక్కా, నేను అసలు బయల్దేరనే లేదు."

"అట్టెట్టా? మూడు తూర్లు మోగింది గదమ్మా. మొదట మోగినప్పుడు బయల్దేరినావనుకున్నా. రెండోసారి, సగం దూరం వచ్చుంటావనుకున్నా. మూడో తూరికి వచ్చేసినావని గట్టు చివరిదాకా ఎదురొచ్చినా. నువ్వు కనపళ్ళా. అప్పుడు పుట్టింది నాకు బయ్యం."

రేవతి ఆమె ఫోను తీసుకుని చూసింది. తొమ్మిదీ పదికి ఒకటి: "నమస్తే! మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మీ సమస్యను క్లుప్తంగా రాయగలరు." తొమ్మిదీ ఇరవైకి ఇంకొకటి: "మీ నుంచి స్పందన రానందున మీ సమస్య తీరిందని భావిస్తున్నాం. ధన్యవాదాలు." తొమ్మిదిన్నరకు మరొకటి: "మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

ఫోనును కాలవలోకి విసిరెయ్యాలన్నంత కోపం వచ్చింది. అది మస్తానమ్మ ఫోను కాబట్టి ఊరుకుంది.

"ఏం రాసుండాదమ్మా?" అని అడిగింది మస్తానమ్మ.

"ఏం లేదక్కా. చెత్త."

రమణయ్య ఇంజను తెచ్చి ఆడించాడు. మిగిలిందేదో మిగులుతుందని ఆ ఇద్దరినీ అక్కడే ఉంచి రేవతి వెనక్కి తిరిగింది. ల్యాబుకు వచ్చేసరికి ఒంటిగంట. నరేంద్రబాబు ఇస్త్రీ చొక్కాతో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడని చెప్పలేం. జీతం ఏనాడూ ఆపలేదు. కాకపోతే తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా వానలో గుంట గట్టు ఎక్కలేదు.

విన్నాడు. అయ్యయ్యో అన్నాడు. తర్వాత తెర చూపించాడు. మస్తానమ్మ పేరు పక్కన పచ్చరంగులో ఉంది: సమస్య పరిష్కారమైంది. కింద ఇంకో వరుస: జవాబుకు పట్టిన సమయం, నాలుగు సెకన్లు.

"చూడు రేవతీ, సిస్టమ్ తప్పేం లేదు. అది వెంటనే స్పందించింది. ఈ రెండు మిస్డ్‌కాల్స్ గొడవ దానికెవరూ చెప్పలేదు గదా? నువ్వు ముందే చెప్పి ఉంటే విజయభాస్కర్ ఒక్క లైను కలిపేవాడు."

అక్కడ కాలింది రేవతికి. ఆ మాటలో నిజం ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ కాలింది.

"నేనే చెప్పలేదు సార్. నా తప్పే. చచ్చేదాకా మోస్తా. మరి మీరు? పది రోజుల్లో ఒక్కనాడైనా, మిస్డ్‌కాల్ ఇచ్చినోళ్ళు ఒక్కరు గూడా తిరిగి రాయలేదే, ఎందుకని అనుకున్నారా? రాయనోడి సమస్య తీరిపోయిందని రాసుకునిందే ఆ మిషను, అదెవరు నేర్పించినారు దానికి? నేను రాసిన నూట పన్నెండిట్లో అది లేదు!"

"అరవబాకు. రెండు రోజుల్లో సరిచేయిద్దాం."

"ఆ యమ్మ గుంట సచ్చిపోతా ఉంటే గుంటను చూసుకోలేదు సార్! నేను పడిపోయినానేమోనని మనిషిని పంపించింది. నేను ఈడ ఫ్యాను కింద కూసోని, ఫోన్లు లేవు, పీడా పోయిందని గొట్టాలు తుడుచుకుంటా ఉండా. పీడా పోయిందనుకున్నా సార్, నా నోటితో!"

నరేంద్రబాబు ఏదో అనబోయాడు. తెర మీద ఇంకో గుంట రైతు పేరుతో కొత్త వరుస పడింది. పోలేరయ్య. రెండు కాల్స్, నిమిషం తేడాలో. వాళ్ళు చూస్తుండగానే దాని పక్కన జవాబు వెళ్ళిపోయింది. నాలుగు సెకన్లు.

రేవతి వెంటనే తన సొంత ఫోనుతో పోలేరయ్యకు కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. జవాబు వచ్చేసిందనుకున్నాక ఫోను గుడిసెలో పడేసి గట్టు మీదికి పోయి ఉంటాడు. అందరూ చేసేది అదే. రమణయ్యకు ఫోన్ చేసి ఇంజను అటు తిప్పమని చెప్పింది. రెండో సంచి భుజానికెత్తుకుంది. స్కూటీ తాళాలు తీసి నరేంద్రబాబు ముందు బల్ల మీద టపీమని కొట్టింది.

"లేవండి సార్."

"నేనా?"

"వస్తన్నామని మాట పంపింది మీరు. ఆయన ఇప్పుడు గట్టు మీద కూసోని మీ కోసరం చూస్తుంటాడు. లేవండి."

లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలిసి ఉండదు, ఆమె మొహం చూసి లేచాడంతే. స్కూటీ మాత్రం రేవతే నడిపింది, ఆ బురదలో అతను నడపలేడు. వెనక సంచి పట్టుకుని కూర్చున్నాడు. కాలవ మలుపు తిరిగేసరికి ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. రోడ్డు మీద గుంతలో బండి పడినప్పుడల్లా అమ్మో అంటున్నాడు. రేవతి వేగం తగ్గించలేదు.

అతని జేబులో ఫోను టింగుమంది.

"ఏమొచ్చింది సార్?"

నరేంద్రబాబు వాననీళ్ళు తుడిచి చూశాడు. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకోబోయాడు. రేవతి మళ్ళీ అడిగింది. అప్పుడు చిన్న గొంతుతో చదివాడు: "పోలేరయ్య గారి సమస్య పరిష్కారమైంది."

"ఇంకా మూడు కిలోమీటర్లుండాది" అంది రేవతి, తల తిప్పకుండా.