కోట లేని మెట్లు

రెండో కేబులును ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి, నిద్రపోయే పామును పడుకోబెట్టినంత జాగ్రత్తగా చుట్టి కొక్కేనికి తగిలించాడు. సంగీత బృందాలకు గంటల లెక్కన అద్దెకిచ్చే ఆ సాధన గదికి కాపలాదారు, మెకానిక్కు, ఊడ్చేవాడు, వెరసి ఏకచ్ఛత్రాధిపతి అతడే. శ్వేతచ్ఛత్రానికి బదులు పైకప్పుకు, ప్రతిధ్వని అణచడానికి, కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి.

పూర్వాశ్రమంలో అతడు ప్రోగ్రెసివ్ రాక్ వాయించాడు. ఒక్కో పాట ఒక్కో సామ్రాజ్యం: స్థాపన, విస్తరణ, పతనం, ఆపైన ఆర్గన్ మీద సుదీర్ఘ విలాపం. పాట ముగిసేలోగా శ్రోతల్లో కొందరు టీ తాగి వచ్చేవారు. మరికొందరు వచ్చేవారు కారు. జరీ అంగరఖా తొడుక్కుని గిటారు మోసిన ఆ వైభవానికి మిగిలిన సాక్ష్యం మెడనొప్పి.

తలుపు అవతల కూతురి బృందం ఈ గదిలో చివరిసారి సాధన చేస్తోంది. మధ్యాహ్నం వ్యానెక్కి వేరే ఊరికి మకాం మార్చేస్తారు. వాళ్ళది మ్యాథ్ రాక్. పాడేవారుండరు; గిటారుదొక లెక్క, డ్రమ్ములదొక లెక్క. మొదటిసారి విన్నప్పుడు అతడు తలుపు తీసి, "ఆపండమ్మా, తాళం జారిపోయింది" అన్నాడు. వాళ్ళు రికార్డు చేసుకుంటున్నారు. ఏదీ జారలేదు. నాటినుంచి కూతురు ఉప్పు అందించమంటుంది, కరెంటు బిల్లు గుర్తుచేస్తుంది. తన పాట ఊసు మాత్రం ఎత్తదు. ఆమె వెళ్ళేలోగా ఒక్కసారైనా అది తన చెవికి పాటగా వినిపించాలని అతడి తాపత్రయం. బాగుందని అబద్ధమాడదామంటే, ఆమె అతడి మొహం ఇట్టే చదివేస్తుంది.

డ్రమ్మరు మంచినీళ్ళకు బయటికొచ్చాడు.

"మళ్ళీ తలుపు తీస్తావేమోనని గడియ పెట్టుకుందామనుకున్నాం, బాబాయ్."

"పెట్టుకోవాల్సింది. ఇంతకీ మీ పాటలో మొదలు ఎక్కడరా?"

"నన్నడిగితే ఎలా? లెక్కపెట్టానంటే నేనే తప్పుతాను. నీ కూతురి చేతులు చూస్తూ పోతా."

డ్రమ్మరు లోపలికెళ్ళాక, మూడో కేబులు చుడుతూ అతడు తలుపు అద్దంలోంచి ఆ చేతులు చూశాడు. గిటారు ఏడేసి అడుగులు వేస్తోంది, డ్రమ్ములు నాలుగేసి. ఎవరి దారిన వారు పోయి, ఎక్కడో ఒకచోట ఒకే పాదం మోపినట్టు కలుస్తున్నాయి. ఆ ఏడడుగుల నడక అతడికి తెలుసు. తన సామ్రాజ్య పతన ఘట్టంలో దానికే ఆర్గనూ వేదిక మీది పొగా అంగరఖా కప్పి ఊరేగించాడు. ఈ పిల్లలు కోటను పడగొట్టి మెట్లు మాత్రం ఉంచుకున్నారు. ఆ మెట్లు కూలలేదు. దేన్నీ ఆనుకోకుండా పైకి పోతూనే ఉన్నాయి. కలిసే చోటు రాబోతోందని ఈసారి అతడి ఒంటికి ముందే తెలిసింది. వచ్చింది. కేబులు చేతిలోనే ఆగిపోయింది.

కూతురు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. అతడు కేబులును కొక్కేనికి తగిలించాడు.

"చివర్లో కలిసే ముందు ఒక్క క్షణం ఆగావు. అది అనుకుని చేసిందేనా?"

ఆమె అతడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"కాదు నాన్నా. తప్పాను." గొంతు తగ్గించి, "వాళ్ళకి చెప్పకు" అంది.

వ్యాను వీధి మలుపు తిరిగాక అతడు దీపం ఆర్పడానికి లోపలికెళ్ళాడు. తన గిటారును ముందే సర్దేయడంతో ఆమె ఇవాళ గదిలోని అద్దె గిటారే వాయించింది. దాని మెడకు, మీటని తీగలు మోగకుండా ఆమె తొడిగిన ఊదారంగు జుట్టు రబ్బరు అలాగే ఉంది. అందులో చిక్కుకున్న పొడవాటి వెంట్రుక ఒకటి ఫ్యాను గాలికి కదులుతోంది.