వెనక సీటు కింది దీపం

మూడో ఫ్యూజు తీసినా బల్బు ఆరలేదు. ఆ ఫ్యూజును చొక్కా కొసతో తుడిచి మళ్ళీ దాని చోట్లోనే పెట్టి, మేస్త్రి ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. అలా నిలబడడం ఆయన పనిలో భాగం. అందుకే ఆ వీధి వాళ్ళు ఆయనకు నిదానం మేస్త్రి అని పేరు పెట్టారు. నలభై అయిదేళ్ళుగా కార్ల వైరింగు తప్ప మరో పని ఎరగడు. మనిషి పొట్టి. వేళ్ళ కొసల నలుపు ఎంత తోమినా వదలదు.

ఆ కారు టీచరమ్మది. గుండ్రటి హెడ్‌లైట్లు, లేత ఆకుపచ్చ రంగు. దాన్ని తయారుచేసిన వాళ్ళే దాన్ని మరిచిపోయి ఉంటారు. నెల రోజులుగా సాయంత్రం బాగానే ఉండి, పొద్దున సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ ఉండటం లేదు. ఇద్దరు మెకానిక్కులు చెరో కొత్త బ్యాటరీ వేసి చేతులెత్తేశారు.

నిదానం మేస్త్రి బ్యాటరీని అనుమానించలేదు. దాని వైరు ఒకటి ఊడదీసి మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. తాళం తీసేసి ఉన్నా బల్బు మినుకుమంటోందంటే లోపల ఏదో కరెంటు లాగుతున్నట్టే. ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పోతే, దేనికి బల్బు ఆరుతుందో ఆ లైనులో దొంగ ఉన్నట్టు.

నాలుగోదీ తీశాడు. ఆరలేదు. పెట్టెలో ఉన్నవే నాలుగు.

"మా అల్లుడు ఆఖరి మాట చెప్పేశాడు మేస్త్రీ" అంది స్టూలు మీద కూర్చున్న టీచరమ్మ. ఆమెకు డెబ్భై అయిదు. "రేపు పొద్దున స్టార్టవకపోతే తుక్కు కొట్టుకే. నేనూ నోరు జారి సరేనన్నాను. ఇది పోతే కూరగాయలకి వెళ్ళాలన్నా ఒకళ్ళ వీలు చూసుకోవాలి."

"దొరుకుతాడమ్మా. ఎక్కడికి పోతాడు, కార్లోనే ఉన్నాడు."

పైకి అలా అన్నాడు గానీ లోపల ఆయనకు కంగారుగానే ఉంది. బ్యాటరీ దగ్గర మోకాళ్ళ మీద వంగి చూస్తే, లావు కేబులు చాటున సన్నటి వైరొకటి కనబడింది. ఫ్యూజు పెట్టె జోలికే పోకుండా నేరుగా లోపలికి వెళ్ళింది.

"ఏ తలమాసినవాడు వేశాడో. ఇలాంటి వాణ్ణి పనిలోంచి తీసేయాలి" అని గొణుక్కుంటూ కార్పెట్ ఎత్తి వైరు వెంట వెనక్కి పాక్కుంటూ పోయాడు. సగం దూరంలో అతుకు తగిలింది. టేపు చుట్టి, ఆ పైన నూలు దారంతో రెండు ముళ్ళు వేసి ఉంది.

మేస్త్రి ఆ ముళ్ళను వేలితో తడిమాడు. టేపును నమ్మకుండా దారం కట్టే పిచ్చి ఆ వీధిలో ఒక్కరికే ఉంది. ఆ తలమాసినవాడు తనే.

అప్పుడు గుర్తొచ్చింది. తనకు పందొమ్మిదేళ్ళు, షాపులో చిల్లర పనుల కుర్రాడు. టీచరమ్మ భర్తను అందరూ సారు అనేవారు. పెద్ద మేస్త్రులను కాదని ఆయన కారు తాళం తన చేతిలో పెట్టాడు. మూడేళ్ళ పాప చీకటంటే జడుసుకుంటోంది, వెనక సీటు కింద చిన్న దీపం పెట్టవా అన్నాడు. తన మీద నమ్మకం ఉంచిన మొదటి మనిషి ఆయనే. ఆ సంబరంలో ఫ్యూజు సంగతే మరిచి వేసేశాడు.

సీటు పైకెత్తాడు. దీపం వెలుగుతోంది. పోయిన నెల వేయించిన కొత్త స్పాంజి మందంగా ఉండి స్విచ్చును నొక్కేసింది. అదే వెలుగునూ కప్పేయడంతో ఎవరికీ కనబడలేదు.

పాత వైరేదో షార్టయిందని చెప్పేస్తే అడిగేవాళ్ళు లేరు. మేస్త్రి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ రోజు పాప దీపాన్ని ఫ్యూజు లేకుండా వేశాను. ఉండుంటే ఆ ఇద్దరు మెకానిక్కులకీ మొదటి రోజే దొరికేది. నేనేనని తెలీక, వేసినవాణ్ణి తిట్టుకున్నాను కూడా."

టీచరమ్మ స్టూలు మీంచి లేచొచ్చి సీటు కింది వెలుగును వంగి చూసింది.

"ఇది వేశాకే మా అమ్మాయి కారులో నిద్రపోయింది మేస్త్రీ. అంతకుముందు రాత్రి ప్రయాణమంటే దారి పొడుగునా ఏడుపే. నీకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో నీకేం తెలుసు?"

"నేనే పెట్టుకోవాలమ్మా సారుకి. ఆ రోజు ఆ తాళం ఇవ్వకపోతే నేనింకా పెద్ద మేస్త్రుల టీ గిన్నెలు కడుగుతూ ఉండేవాణ్ణి."

దీపాన్ని తీసేయమని ఆమె అనలేదు. తీసేయాలని ఆయనకూ అనిపించలేదు. స్విచ్చును స్పాంజికి దూరంగా జరిపి, లైనుకు ఫ్యూజు వేసి, సీటు దించేసరికి పొద్దు వాలింది.

ఇంటికెళ్ళి వసారాలో కుర్చీలో వాలాడు.

"ఏంటివాళ మొహం అలా వెలిగిపోతోంది?" అంది భార్య.

"నా తప్పు నాకే దొరికింది. తిట్లు పడతాయనుకుంటే దండం పెట్టిందావిడ."

ఆమె నవ్వి స్నానానికి నీళ్ళు కాచడానికి లోపలికి వెళ్ళింది. కాగాయని పిలిస్తే ఆయన పలకలేదు. నిదానం అలవాటేగా అని ఆమె మరోసారి పిలిచింది.

మర్నాడు పొద్దున కారు మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. అల్లుడు ఇక తుక్కు కొట్టు మాట ఎత్తలేదు. ఆ సంతోషం చెప్పాలని టీచరమ్మ నేరుగా షాపుకి వెళ్ళింది. షట్టరు దించి ఉంది. రాత్రి మేస్త్రి కుర్చీలోనే పోయాడని పక్క టైర్ల షాపతను చెప్పాడు.

ఆమె కారు వెనక తలుపు తీసుకుని కూర్చుని ఏడ్చింది. కాసేపటికి లేచి, ఆయన చివరి పని చూద్దామని సీటు ఎత్తింది.

కొత్త ఫ్యూజు పక్కన చిన్న అట్టముక్క వేలాడుతోంది. దాని మీద పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: "పాప కోసం నేను వేసిన దీపం. ఫ్యూజు ఇదే. తర్వాత వచ్చే మేస్త్రి వెతుక్కోనక్కర్లేదు."