తీసుకునేది కుడిచేత్తోనే

…అందుకే అంటున్నా మనవడా, మరీ అంత బిగుసుకుని కూర్చోకు. కొత్త తోలు, కొత్త వాసన, కాదనను. కానీ సాయంత్రం ఆటలో వాడి చెయ్యి మళ్లీ నీలోకి వచ్చినప్పుడు కూడా ఇలా కొయ్యలాగే ఉంటే బంతి నీ దగ్గర నిలవదు. కాస్త మెత్తబడు. మెత్తబడుతూ నేను చెప్పేది విను. మెల్లగానే చెప్తాను, నాకు మాట తొందరగా రాదు. నీ అరచేతి మీద బంగారు రంగు అక్షరాలున్నాయి, అంటే చదువుకున్నవాడివి. నా మీద ఉన్న నాలుగు అక్షరాలూ ఎప్పుడో అరిగిపోయాయి. కాబట్టి చెప్పడం నా వంతు, రాసుకోవడం నీ వంతు.

నేను ఒక తోలు గ్లౌజును. బేస్‌బాల్ ఆటలో బంతి పట్టుకోవడానికి చేతికి తొడుక్కుంటారే, అదే. నన్ను కుట్టింది జలంధర్ అవతల ఒక రేకుల షెడ్డులో. ఆ షెడ్డులో గ్లౌజులన్నీ ఎడమచేతికే కుట్టేవారు. ఎందుకంటే మనుషులు కుడిచేత్తో విసురుతారు, పట్టుకోవడానికి ఎడమచెయ్యి మిగులుతుంది. ఎప్పుడో ఒకటి మాత్రం తిరగేసి కుడతారు, ఎడమచేత్తో విసిరేవాడి కోసం. ఆ ఒకటి నేను. పుట్టుకతోనే వేరే దారి పట్టినదాన్నన్నమాట.

ఆర్మూరు దగ్గర ఒక సర్కారు బడికి గ్లౌజులు పంపేటప్పుడు ఆ మూటలో పొరపాటున నన్నూ పెట్టారు. ఆ బడిలో ఆటలు నేర్పే ఖలీల్ సారు మూట విప్పి, అందరికీ తలా ఒకటి ఇచ్చి, చివరికి నన్ను తీసి తన ఎడమచేతికి పెట్టుకున్నాడు. బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు దూరింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దుకాణంవాడు మోసం చేశాడని కాసేపు తిట్టి నన్ను ఇనప్పెట్టెలో పడేశాడు. ఆ తర్వాత నేను చేసిన ఉద్యోగం విజిళ్లు, సుద్దముక్కలు, తాళంచెవులు మొయ్యడం. ఒక వేసవి సెలవుల్లో నాలో ఎలుక కాపురం కూడా పెట్టింది. దానికి కుడి ఎడమల పట్టింపు లేదు.

అలాంటి నన్ను బయటికి తెచ్చింది లింబాద్రి. ఇవాళ ఆటకి నిన్ను తొడుక్కోబోయేవాడు.

అప్పుడు వాడు ఎనిమిదో తరగతి. బడి గోడ అవతలే పసుపు కళ్లం. వాళ్ల బాపమ్మ సాయవ్వ, అంటే నాన్నకు తల్లి, ఎండబోసిన పసుపుకు వాణ్ణి కాపలా పెట్టింది. ఇవతల పిల్లలు ఆడుతుంటే బంతి గోడ దాటి కళ్లంలో పడింది. లింబాద్రి చుట్టూ చూశాడు. బాపమ్మ లేదు. ఎడమచేత్తో తీసి విసిరాడు. ఆ బంతి గోడ మీదుగా వచ్చి, మైదానమంతా దాటి, బడి గంట స్తంభానికి తగిలింది. గంట మోగిందనుకుని రెండు తరగతులు బయటికొచ్చేశాయి. ఖలీల్ సారు మాత్రం గోడ వైపే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత నేరుగా గదిలోకి వచ్చి, పెట్టె తెరిచి, నాలోని తాళంచెవులు కుమ్మరించాడు.

వాడి కుడిచెయ్యి నాలోకి వచ్చిన ఆ క్షణం ఇప్పటికీ గుర్తే మనవడా. చెయ్యంతా పసుపు. నా లోపలి తోలు చూడు, ఇంకా పచ్చగానే ఉంటుంది.

కానీ వాడు బాపమ్మ ముందు ఎడమచెయ్యి వాడే వీల్లేదు. సాయవ్వ ఇంట్లో దానికి గట్టి కట్టడి. పలక కుడిచేత్తో పట్టించింది, అన్నం కుడిచేత్తో తినిపించింది. ఎడమచెయ్యి చాస్తే బీడీలు చుట్టే చాట అంచుతో ఒకటి తగిలించేది. ఖలీల్ సారు నన్ను చంకలో పెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సారు పట్నం గురించి, పేరు గురించి, కప్పుల గురించి చాలా చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు.

“ఎడమచేతితోని ఇచ్చుడు, తీసుకునుడు నా ఇంట్ల నడువది సారూ” అంది చివరికి.

సారు నన్ను వాడి కుడిచేతికి తొడిగి చూపించాడు. “తీసుకునుడు కుడిచేతితోనే గదవ్వా. ఈ ఆటల ఎడమచేతితోని ఎవ్వలికి ఇచ్చేది లేదు. ఇసిరి పారేసుడే.”

సాయవ్వ వేళ్లు ఆగాయి. నన్ను చూసింది, మనవణ్ణి చూసింది. ఇంకో ఆకు తీసుకుంటూ అంది, “పారేసేదానికైతే ఎడమచెయ్యే సరి.”

చదువుకున్నవాళ్లెవరూ తెంచలేని ముడి అలా విడిపోయింది. ఆ రోజు నుంచి నేను ఉద్యోగం మారాను.

తర్వాతి సంగతి కొంత నీకు తెలుసు. వాడు పిచర్ అయ్యాడు. మట్టి దిబ్బ మీద నిలబడి బ్యాట్ పట్టినవాడికి బంతి విసిరేవాడు. అక్కణ్ణుంచి జిల్లా జట్టు, ఆ తర్వాత హైదరాబాదులో ఈ క్లబ్బు. ఇక్కడ అందరూ లింబూ అంటారు. పోయిన సీజన్ చివర్లో ఇద్దరు పిచర్లకు జ్వరం వస్తే వీణ్ణి ఆటలోకి దించారు. అప్పటికి నా తాళ్లు తెగితే సాయవ్వే దబ్బనంతో తెల్ల నైలాన్ తాడు వేసి కుట్టి ఇచ్చింది, తాను ఎరిగినంతలో గట్టిగా. అంపైరు చూసి ఆట ఆపేశాడు. పిచర్ గ్లౌజు మీద తెలుపు ఉండకూడదట, బ్యాటు పట్టినవాడు దాన్ని చూసి బంతి అనుకుంటాడట. వేరే కుడిచేతి గ్లౌజు ఎవరి దగ్గరుంది? స్కోరు రాసే అమ్మాయి తన నల్ల స్కెచ్ పెన్నుతో తాడంతా నల్లగా రుద్దింది. ఆ మసి మొహంతోనే నేను వాడి గెలుపు చూశాను. ఎదుటి జట్టులో ఒకరి తర్వాత ఒకరు వచ్చి, బ్యాటు గాలిలో తిప్పి వెళ్లిపోయారు. ఆ వేళ నాకు కలిగిన గర్వం నాలో పట్టలేదు, కుట్లు పిగిలాయేమో అనుకున్నాను.

ఆ ఆట చూసే ఈ ఏడాది సీజన్ మొత్తానికి తీసుకున్నారు. ఇక్కడే వచ్చింది చిక్కు.

కోచ్ ప్రభుదాసు సారు గుంటూరువైపు మనిషి, మాట మెత్తన. శిక్షణ మొదలైన రోజునే కూర్చోబెట్టి చెప్పాడు. “నీ దగ్గర ఉన్నది ఒకటే బంతి, లింబూ. వేగం. కొత్తలో ఎవరికీ అందదు. సీజనంతా అదే వేస్తే రెండోసారికి కనిపెడతారు, మూడోసారికి గోడ దాటిస్తారు. నిదానపు బంతి రావాలి. రాకపోతే నిన్ను బెంచీ మీదే ఉంచాల్సి వస్తుందయ్యా.”

నిదానపు బంతి అంటే, చెయ్యి అంతే వేగంగా ఊగాలి, బంతి మాత్రం ఆలస్యంగా రావాలి. వేళ్లతో బిగించకుండా అరచేతిలోకి తీసుకోవాలి. ఎలా పట్టుకున్నాడో బ్యాటు పట్టినవాడికి కనబడకుండా గ్లౌజులో దాచుకుంటాడు. ఆ పట్టు చూసేది మనమే మనవడా, ఆ రహస్యం మన కులవృత్తి.

సారు నేర్పినది ఒకే మాట. “అన్నం ముద్ద పట్టుకున్నట్టు పట్టుకో. నలపకూడదు, జారకూడదు.” మిగతా పిచర్లకు అరగంటలో వచ్చింది. వీడికి రాలేదు. వారం గడిచినా రాలేదు. బంతి ఒకసారి నేలకు కొడుతోంది, ఒకసారి ఎదురుగా కూర్చుని బంతి అందుకునే క్యాచర్ తల మీదుగా పోతోంది. జట్టువాళ్లు బంతి ఏరుకొస్తూ, లింబూకి ఆకలి లేదు సార్ అని నవ్వేవారు. ప్రభుదాసు సారు మొహంలో విసుగు కనిపించసాగింది. మొదటి మ్యాచ్‌కి ఇంకొకడి పేరు వినబడసాగింది.

ఎవరికీ తట్టనిది నాకు తెలుసు, కానీ నాకు నోరేది? ఆ ఎడమచెయ్యి పుట్టినప్పటి నుంచి ఒక్క ముద్ద పట్టుకుని ఎరగదు.

ఒక సాయంత్రం మెస్సులో కంచం ముందు కూర్చున్నప్పుడు వాడికే తట్టింది. కుడిచేతిలో ముద్ద ఉంది. దాన్ని చూశాడు. ఎడమచెయ్యి చూశాడు. ఎడమచెయ్యి కంచం దాకా పోయి, చాట అంచు గుర్తొచ్చిందేమో, వెనక్కి వచ్చింది. చెయ్యి కడుక్కుని గదికి వచ్చి, ఫోన్ నాలో నిలబెట్టి ఊరికి కలిపాడు. అలా విన్నాను నేను.

“బాపమ్మా, ఎడమచేతితోని అన్నం తినాలె” అన్నాడు. ఆట, సీజను, బెంచీ, అన్నీ చెప్పాడు. ఆమె చప్పున కాదంటుందనుకున్నాను. అవతల బీడీ ఆకు కత్తిరించే చప్పుడు వినబడింది.

“తినుడు కుడిచేతితోనే తిను బిడ్డా” అంది. “ముద్దలు ఎడమచేతితోని చెయ్యి. చేసి కుక్కలకు ఎయ్యి. వాటికి ఏ చెయ్యైతేంది?”

మర్నాడు పొద్దున మెస్సులో మిగిలిన అన్నం అడిగి తెచ్చుకుని మైదానం గేటు దగ్గర కూర్చున్నాడు. మొదటి ముద్దలు చేతిలోనే చితికిపోయాయి. చిన్నపిల్లల చెయ్యిలా ఉంది ఆ చెయ్యి, బంతితో గంట స్తంభాన్ని కొట్టిన చెయ్యి. మొదట రెండు కుక్కలు వచ్చాయి, తర్వాత ఆ వాడలోని కుక్కలన్నీ వరస కట్టాయి. జట్టువాళ్లు, లింబూ ఆట మానేసి అన్నదానం పెట్టాడన్నారు. వాడు ఇంకో ముద్ద చేశాడు. కుక్కలు బలిశాయి. ముద్దలు గుండ్రబడ్డాయి.

ఒక పొద్దున నాలోకి బంతి తెచ్చి పట్టుకున్నప్పుడు నాకు ముందే తెలిసిపోయింది. నలగలేదు, జారలేదు. ఎదురుగా జట్టులోకెల్లా గట్టిగా కొట్టే ఆటగాడు. బంతి రాకముందే బ్యాటు తిప్పేసి, ఆ ఊపుకు నేల మీద కూర్చున్నాడు. లేవకుండానే అడిగాడు, ఏది బంతి అని. ప్రభుదాసు సారు టోపీ తీసి తల గోక్కున్నాడు, ఇంకోటి వెయ్యమన్నాడు. ఇంకోటీ అలాగే పడింది.

ఈ సీజన్ వాడు ఎన్ని గెలుస్తాడో నేను చెప్పను. మోకాలు ఉంది, భుజం ఉంది, వానలున్నాయి. కానీ వేగం కోసం కాచుకున్నవాళ్లు ఇక నిదానం చూసి తడబడతారు, అది మాత్రం చెప్తాను. నీకు మంచి రోజులు రాసిపెట్టి ఉన్నాయి మనవడా. అరిగిపోయిన నాకు ఇక వాడి గది తాళంచెవి, ఫోనూ మొయ్యడమే పని. పాత ఉద్యోగమే, ఈసారి ఎలుక లేదు. చాలు.

ఇవాళ పొద్దున జరిగింది నువ్వే చూశావు. సీజన్ మొదటి మ్యాచ్‌లో మొదటి బంతి వేసే పిచర్‌కి కోచ్ తన చేత్తో బంతి ఇవ్వడం ఇక్కడి ఆచారం. అందరూ నిలబడ్డారు. ప్రభుదాసు సారు వరస దాటుకుంటూ వచ్చి వీడి ముందు ఆగాడు. వీడి ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది, బంతికి దగ్గరగానే ఉంది. అయినా దాన్ని వెనక్కి పెట్టుకుని, నిన్ను తొడిగిన కుడిచెయ్యి చాచి తీసుకున్నాడు.

ఇదంతా సాయవ్వకు చదివి వినిపించు మనవడా. సీజన్ అయ్యాక నిన్ను ఊరికి తీసుకెళ్తాడు కదా. ఆమె బీడీలు చుడుతూనే వింటుంది, వినడం లేదనుకుని ఆపకు. కుక్కల దగ్గరికి వచ్చాక నవ్వుతుంది, నవ్వనివ్వు. చివర్లో బంతి కుడిచేత్తోనే తీసుకున్నాడని ఉంది చూడు, అక్కడ నిదానంగా చదువు. ఇంకోసారి చదవమంటే, చదువు.