చెక్క కింద పేరు

నీవెస్ తుపాకి గొట్టాన్ని అడుగువైపు పైకి తిప్పి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి ఆకురాయి అందుకుంది. పొట్టి మనిషే గాని భుజాలు కొలిమి పనివాడివి. గోళ్ళ సందుల్లోని నూనె నలుపు పెళ్ళినాడు కూడా వదల్లేదు. ఆమె పని ఒక్కటే: బయట కొనుక్కొచ్చిన గొట్టాల మీద, వాటిని చేసినవాడు అడుగున, తుపాకి చెక్క కప్పేచోట కొట్టుకున్న అక్షరాలను అరగదీయడం. ఆ తరవాత పైభాగాన రైఫిల్ కంపెనీ తన పేరు చెక్కించుకునేది.

రైఫిల్ ఒకరిది, గొట్టం ఇంకొకరిది. గార్దోనె ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కొండవతల నుంచి వచ్చేవి చౌకరకం. మెత్తటి ఇనుము ఆకురాయి పళ్ళకి జిడ్డులా అంటుకునేది. పైలోయ నుంచి లివియో రొవెత్తా పంపేవి గట్టి ఉక్కు, లోపలి గాడులు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే తీరు. లివియో ఆమెకు సొంత అన్న. అతని ఎల్, ఆర్ అక్షరాలు చెరిపిన కూలితోనే నీవెస్ పిల్లల్ని పెంచింది. ఆ తిండి ఏనాడూ ఆమెకు సరిగా గొంతు దిగలేదు.

"మా చెల్లెలు నా పేరు నిలబెడుతుందనుకుంటే, నున్నగా గీకేస్తోంది," అని పండగ భోజనాల దగ్గర లివియో ఆటపట్టించేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది.

ఈ చలికాలం లివియో మంచం పట్టాడు. ఇవాళ వచ్చిన పెట్టె అతనిది. చిన్నప్పుడు వాళ్ళ వీధిలోనే పెరిగిన మేస్త్రీ ఒత్తావియో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, అన్నయ్య సరుకు ఇదే ఆఖరు. ఇకనుంచి అన్నీ కొండవతలవే. తొందరగా కానిచ్చెయ్."

"ఆ మెత్తటి ఇనుముకీ కంపెనీ పేరేనా?"

"కొనేవాళ్ళు కొంటున్నారుగా."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ." నీవెస్ ఆకురాయి కింద పెట్టింది. "ఇవి చెరపను."

"చెక్క కింద దాక్కునే రెండక్షరాలకి ఇంత పంతమా?"

"దాక్కునేవే కదరా. మరి నీకెందుకంత భయం?"

"యజమాని పన్లోంచి తీసేస్తాడక్కా!"

"తీసెయ్యమను."

ఒత్తావియో పని నేర్చుకుంది కూడా లివియో దగ్గరే. దారి వదిలి పక్కకు తప్పుకున్నాడు. ఆమె గొట్టాలకు నూనె పట్టించి, చెక్క బిగించే గదికి తానే మోసుకెళ్ళింది. చివరిదాని మీద చెక్క కూర్చునేదాకా కదల్లేదు. సాయంత్రం గేటు దగ్గర, రేపటినుంచి రావద్దన్నారు. భయం వేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

తిన్నగా అన్న ఇంటికి వెళ్ళి, దిండ్లకు జారగిలబడి ఉన్న అతనికి సూప్ పట్టింది.

"ఇవాళ నీ పేరు చెరపలేదన్నయ్యా. నన్ను పొమ్మన్నారు."

లివియో ఒక కన్ను మూసి, గొట్టం సరిచూసినట్టు ఆమెను చూశాడు. "ఇన్నాళ్ళకి ఒక్క పనైనా సరిగ్గా చెడగొట్టావే!" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక కళ్ళు మూసుకున్నాడు. ఆమె గిన్నె పక్కన పెట్టి చెయ్యి పట్టుకునేసరికి ఆ చేతిలో పట్టు లేదు.

నీవెస్ గొల్లుమంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి అతనికి స్నానం చేయిస్తుంటే, కళ్ళు తుడుచుకుని కింద అన్న పనిగదిలోకి దిగింది. బల్ల మీద, అతను పూర్తిచేసి ఇంకా అక్షరాలు కొట్టని గొట్టం ఒకటి మిగిలి ఉంది. అన్న అక్షరాల అచ్చులూ సుత్తీ తీసుకుని, తన బలమంతా పెట్టి కొట్టింది.

ఆ గొట్టం ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉంది. ఎల్, ఆర్, కాస్త వంకరగా, లోతుగా, ఏ చెక్కా కప్పలేని పైభాగాన.