సగం మాట

కూరగాయల కొట్టు ముందు టమాటాలు ఏరుకుంటున్న ఒక ఇల్లాలికి తన గొంతే వినిపించింది, కొట్టతని ఫోన్లోంచి. "మా ఆయన అక్కడే పని చేస్తారు. మా పాపకి ఆయాసం." అంతే. కింద ఎర్రటి అక్షరాలు: కార్మికుడి భార్య బయటపెట్టిన నిజం!

ఆమె ఏరిన టమాటాలు వదిలేసి ఫోన్లోకి వంగి చూసింది.

ఊరి చివర కొత్తగా ఒక ప్లాంటు వచ్చింది. మార్కెట్లో కుళ్ళిపోయిన కూరగాయలూ, గడ్డీ పులియబెట్టి వంటగ్యాసూ ఎరువూ తీస్తారు. ఆమె భర్త అక్కడ ట్యాంకుల దగ్గర ఆపరేటరు. ఇలా చెత్తనీ గడ్డినీ పనికొచ్చే సరుకుగా మార్చడానికి బయో ఎకానమీ అని పెద్ద పేరు పెట్టుకుని, ఫోన్లలో జనం రెండు జట్లయ్యారు. ఒక జట్టుకి అది లోకాన్ని గట్టెక్కించే మందు, ఇంకో జట్టుకి పసిపిల్లల్ని చంపే విషం. ప్లాంటు వాళ్ళేమో పచ్చని చెట్ల బొమ్మలు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఇంత రభసలో గేటు దాకా వెళ్ళి అడిగినవాళ్ళు మాత్రం లేరు. మనలో మాత్రం ఎంతమందిమి వెళ్తాం?

ఆమె ముందురోజు వీధి వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి అడిగింది. "మా ఆయన అక్కడే పని చేస్తారు. మా పాపకి ఆయాసం. పుట్టినప్పట్నుంచీ ఉంది. ఆ వాసన వల్ల ఇంకా పెరుగుతుందా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి." ఎవరో మహానుభావుడు దాని తోక కత్తిరించి ఊరి మీదికి వదిలాడు. ప్రశ్న కాస్తా సాక్ష్యమైపోయింది.

"రేపు పొద్దున గేటు ముందు ధర్నా అటమ్మా. మూయించేదాకా కదలరట. మీరూ వస్తారుగా?" అన్నాడు కొట్టతను.

ఇంటికొచ్చేసరికి భర్త పాప వీపు నిమురుతున్నాడు.

"మేనేజరు రేపు వచ్చి కలవమన్నాడు. ఇంక పనిలోకి రావద్దంటాడో ఏమో," అన్నాడు తలెత్తకుండా. "నన్నడగొచ్చుగా? పక్కనే ఉన్నాగా."

"మీరు అవునంటే ఏం చెయ్యాలో తెలీక," అందామె.

మర్నాడు ఆమె పాపని చంకనేసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. మైకు అందుకుని, "ఆ గొంతు నాదే. మీరు విన్నది సగమే," అని, తను అడిగిందంతా మళ్ళీ అడిగింది.

"ఎంత ముట్టిందమ్మా?" అని ఎవరో అరిచారు. ఫోన్లన్నీ ఆమె మీదికి లేచాయి. అంతలో గేటు లోపల్నుంచి భర్త రావడం కనిపించింది.

"ఏవండీ, అందరి ముందూ అడుగుతున్నా. దీనివల్ల మన పాపకి ఏమైనా అవుతుందా?"

అతను పాపకేసి చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "కూడు పెట్టే పని కదా అని నేనూ అడగలేదు. లోపలికి రండి, మీ కళ్ళతో చూడండి. గాలి పరీక్ష చేయించమని అందరం కలిసి అడుగుదాం. చెడ్డదని తేలితే నేనూ మీతోపాటు ఇక్కడే కూర్చుంటా."

ఇన్నాళ్ళ వాదులాటలో 'తెలీదు' అన్న మాట ఎవరి నోటా రాలేదు. అరిచినవాళ్ళే గతుక్కుమన్నారు. పాపకి మందిచ్చే డాక్టరమ్మ గుంపులోంచి ముందుకొచ్చి, "పదండి, నేనూ వస్తాను," అంది. మేనేజరు మొహం మాడ్చుకుని గేటు తీయించాడు. కొందరు లోపలికి వెళ్ళారు. కొందరు బయటే నిలబడి వీడియో తీసుకున్నారు.

పాప ఆయాసం సంగతి ఇంకా తేలలేదు, తండ్రి ఉద్యోగం సంగతీ తేలలేదు. కానీ పరీక్షకి రోజు కుదిరింది. మన పిల్లల ఊపిరికి సంబంధించిన మాటనైనా, పదిమందికీ పంపేముందు మనం పూర్తిగా విందాం. తెలియకపోతే తెలియదని ఒప్పుకుందాం.